మేమెప్పుడు వంగాలె?

మిలిటరీ బ్యాండులో క్లారినెట్ వాయించి పింఛనుతో బయటికొచ్చి, కాప్రాలో ఇల్లు కట్టుకున్నాక నాకు ఒకటే పిచ్చి పట్టింది: బతుకమ్మ పాటను బ్యాండుకు రాయాలని.

పచ్‌మఢీ సైనిక సంగీత విభాగంలో నేర్చుకునే రోజుల్లోనే పెర్సీ గ్రెయింజర్ పేరు విన్నాను. 1905-06లో ఇంగ్లండు పల్లెల్లో తిరిగి పెద్దవాళ్ల నోట పాటలు పట్టుకున్నాడు. 1937లో వాటితో బ్యాండుకు ‘లింకన్‌షైర్ పోజీ’ కట్టాడు. పోజీ అంటే పూలగుత్తి. తాంబాలంలో తంగేడు, గునుగు పేర్చే ఊళ్లో ఆ పేరు మరచిపోవడం ఎట్లా?

పక్కింటి పెద్దమ్మ పాడితే నేను కాగితం మీద పెట్టాను. బి ఫ్లాట్ క్లారినెట్‌కు ఒక మెట్టు పైకి రాయాలి, ఆల్టో శాక్సోఫోన్‌కు ఇంకా పైకి. అట్లయితేనే అన్నీ ఒకే శ్రుతిలో కలుస్తాయి. పాట చెప్పే ఆమె వంతు ఒంటరి క్లారినెట్‌కు ఇచ్చాను, ‘ఉయ్యాలో’ అని అందుకునే వంతు ట్రంపెట్లకు.

సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు పాత మిత్రులం పన్నెండు మందిమి చెరువు గట్టున వాయించి చూశాం. పిల్లలు ఎగిరారు. పెద్దమ్మ మాత్రం కదల్లేదు.

“మంచిగనే ఉంది బిడ్డా. గని మేమెప్పుడు వంగాలె?”

నాకు అర్థం కాలేదు. ఆమె కొంగు నడుముకు దోపి, అడుగేసి, వంగి చప్పట్లు చరిచి లేచింది. వంగిన చోట పాట రవ్వంత ఆగింది. మళ్లీ అడుగు, మళ్లీ అక్కడే ఆగింది. ఆమె పాడినప్పుడు ఆ ఆగడాన్ని నేను విన్నాను. ముసలి ఆయాసం అనుకుని కాగితం మీద సరిచేశాను! నిమిషానికి 120 అడుగుల కవాతుకు అలవాటుపడ్డ చెవి నాది. తాళం ఆగితే తప్పుగానే వినిపిస్తుంది. గ్రెయింజర్ అట్లా చేయలేదు. పాడినవాళ్లు సాగదీసిన చోట సాగదీసినట్టే రాశాడు. అది చదివినవాణ్ణే నేను.

ఆ రాత్రి కూర్చుని ప్రతి చరణం చివర ఒక విరామం పెట్టాను. అక్కడ పెద్ద డ్రమ్ము కూడా పలకొద్దని రాశాను.

సద్దుల నాడు బ్యాండు సరిగ్గా అక్కడ ఆగింది. గట్టు మీద ఆడవాళ్లంతా వంగారు. గాజుల చేతుల చప్పట్లు ఒక్కటై మోగాయి. నా కాగితంలో అక్కడున్నది ఖాళీయే.