మురుగునీటిలో దాగిన వేడి

థర్మల్ విద్యుత్ కేంద్రంలో ముప్పది సంవత్సరాలకు పైబడి పనిచేసినవానికి వేడిని గురించి కొత్తగా తెలుసుకోవలసినది ఏమీ ఉండదని అనుకునేవాడిని. ఆ అహంకారం గత జనవరిలో స్టాక్‌హోమ్‌లో, మా అమ్మాయి ఇంట కొంత తగ్గింది.

బయట మంచు. లోపల మా శ్రీమతి శాలువా అయినా కప్పుకొనకుండా వంట చేస్తున్నది. ఇంట్లో బాయిలర్ లేదు, హీటర్ లేదు. వీధుల క్రింద వేసిన గొట్టాల ద్వారా వేడినీరు వచ్చి, గోడనున్న రేడియేటర్‌ను వెచ్చబరచి తిరిగి వెళ్ళిపోతుంది. “మీరిప్పుడు చేతులు కడిగిన నీటిలోని వేడి కూడా మళ్ళీ మనకే వస్తుంది, నాన్నగారూ!” అన్నది అమ్మాయి. పరిహాసమనుకున్నాను.

కాదు. హెన్రిక్స్‌డాల్ శుద్ధికేంద్రంలో శుభ్రపరచిన మురుగునీటిని, సముద్రంలోనికి విడువకముందే, హమ్మర్‌బీ కేంద్రంలోని ఏడు హీట్ పంపుల మీదుగా పంపుతారు. 1986లో ఆరంభమైన ఈ కేంద్రపు సామర్థ్యం సుమారు 225 మెగావాట్ల వేడి. చల్లబడిన నీటిని కూడా వృథాపోనీయక నగరంలోని భవనాలను చల్లబరచుటకు వాడుతున్నారు.

హీట్ పంపు మన రిఫ్రిజిరేటర్‌కు పెద్దన్న. తక్కువ ఉష్ణోగ్రత వద్ద ద్రవాన్ని ఆవిరిచేసి వేడిని గ్రహిస్తుంది. కంప్రెసర్‌తో ఆ ఆవిరిని నొక్కి, హెచ్చు ఉష్ణోగ్రత వద్ద ఆ వేడిని వదలుతుంది. ఒక పాలు విద్యుత్తుకు సుమారు మూడు పాళ్ళ వేడి లభిస్తుంది. ఎత్తవలసిన ఉష్ణోగ్రత ఎంత తక్కువైతే లాభం అంత ఎక్కువ. 10 డిగ్రీల నీటి నుండి 80 డిగ్రీలకు ఎత్తుటకు కార్నో సూత్రం ప్రకారం గరిష్ఠ నిష్పత్తి 5. మన కండెన్సర్ నుండి వచ్చే 40 డిగ్రీల నీటితోనైతే 8.8! ఈ లెక్కను ఆ రాత్రే అమ్మాయి కరెంటు బిల్లు వెనుక వేసుకున్నాను.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పక తప్పదు. నాలుగేళ్ళ క్రితం కూలింగ్ టవర్లకు పోయే ఆ వేడిని టౌన్‌షిప్‌కు మళ్ళించాలని నేనొక ప్రతిపాదన పంపాను. “ఎండలు మండే ఈ ఊరిలో వేడి ఎవరికి కావాలి?” అన్న ఒక్క వాక్యంతో ఫైలు తిరిగివచ్చింది. చాలా రోజులు బాధపడ్డాను. స్టాక్‌హోమ్ చూచిన తరువాత, ఆ ప్రశ్న న్యాయమైనదేనని ఒప్పుకుంటున్నాను. అక్కడ హీట్ పంపుకన్న ముందే గొట్టాల వల ఉన్నది, చలికి వణికే ఇళ్ళున్నాయి. నా ప్రతిపాదనలో మూడు కిలోమీటర్ల గొట్టం ఉన్నదే గాని, దాని చివర వేడి కోరేవాడు లేడు.

కోరేవాడు మాత్రం మన ఆసుపత్రిలోనే ఉన్నాడు. లాండ్రీకి, వంటశాలకు డీజిల్ బాయిలర్‌తో నీరు కాస్తున్నాము. అదే కప్పుపై ఏ.సి. చిల్లర్ పగలూ రాత్రీ వేడిని ఆకాశంలోనికి ఊదుతున్నది. రెండింటి నడుమ దూరం నలభై అడుగులు. తిరిగివచ్చిన మరుసటి వారం నుండి డీజిల్ ట్యాంకులో కొలబద్ద ముంచి, రోజువారీ వాడకాన్ని స్వయంగా వ్రాసుకుంటున్నాను. లాండ్రీ సిబ్బంది మొదట నన్ను స్టోర్సు తనిఖీవాడనుకున్నారట!

పదవీ విరమణకు ఇంకా పధ్నాలుగు నెలలున్నవి. మూడు నెలల కొలతలు పూర్తికాగానే పాత ఫైలు మళ్ళీ బయలుదేరుతుంది, ఈసారి నలభై అడుగుల గొట్టంతో.