నేను సగమే చెప్పిన కథ



నేను ముప్పై యేండ్లకు పైగా పల్లెటూరి బడిలో పంతులుగా పని చేసి రిటైరైనవాడిని. ఈ నెల మీతో పంచుకునేది నా గొప్ప కాదు, నా పొరపాటు.

2001 మార్చి నెలలో పుల్లెల గోపీచంద్ గారు ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ కప్పు గెలిచారు. ఫైనల్లో చైనా ఆటగాడు చెన్ హాంగ్‌ను 15-12, 15-6తో ఓడించారు. 1980లో ప్రకాశ్ పదుకొనే గారు గెలిచిన తరువాత, మళ్లీ ఒక భారతీయుడు ఆ కప్పు అందుకోవడం అదే. పైగా ఆయన పుట్టింది మా నాగండ్లలో. అప్పుడది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. మాకెంత సంతోషమో చెప్పలేను. ఆ వారమే ఉదయం బెల్లు కొట్టగానే పిల్లలందరినీ వరుసలో నిలబెట్టి, “మోకాలు దెబ్బ తిన్నా ఆయన పట్టు విడువలేదు, అందుకే గెలిచాడు. మీరూ పట్టు విడవకండి” అని చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అది మొదలు రిటైరయ్యేదాకా ప్రతి యేడూ అదే కథ, అదే చప్పట్లు.

కొన్నేండ్ల క్రితం సంక్రాంతి పోటీల్లో మా తమ్ముడి కొడుకు కబడ్డీ ఆడుతూ పడిపోయాడు. వాడు జిల్లా జట్టులో ఆడినవాడు, రాష్ట్రం జట్టుకు పిలుపు వస్తుందని ఎదురు చూస్తున్నవాడు. కూతకు వెళ్లి, తప్పించుకోబోయి గిరుక్కున తిరిగాడు. పాదం మట్టిలో దిగబడిపోయింది, మోకాలు మెలిపడింది. ‘టప్’మన్న చప్పుడు గీత బయట ఉన్న నాకు కూడా వినపడింది. పొరుగూరిలో కట్టు కట్టే ఆయన దగ్గరకు తీసుకుపోయాము. ఎక్స్‌రే తీయిస్తే ఎముక బాగానే ఉందన్నారు. మూడు వారాలకు వాపు తీసింది, నడక వచ్చింది. మళ్లీ ఆటకు దిగిన రోజే మోకాలు పట్టు తప్పి కూలబడ్డాడు.

అప్పుడుగాని మేము గుంటూరు వెళ్లలేదు. స్కానింగు తీసి డాక్టరు గారు విడమరచి చెప్పారు. మోకాలి లోపల తొడ ఎముకనూ కింది ఎముకనూ కలిపి పట్టి ఉంచే తాడు లాంటిది ఒకటి ఉంటుంది. లిగమెంటు అంటారు. మన ఊళ్లలో నరం అంటాము గాని అది నరం కాదు. అది తెగితే మామూలు ఎక్స్‌రేలో కనపడదు. విరిగిన ఎముక కాదు గనుక కట్టుతో అతుక్కునేదీ కాదు. తిన్నగా నడిచినంతసేపు ఏమీ తెలియదు, పరుగులో పక్కకు తిరిగేసరికి మోసం చేస్తుంది. ఈ సంగతి ముందే తెలిసుంటే వాడిని రెండోసారి పడనిచ్చేవాళ్లం కాదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మీ ఇండ్లలోనూ ఆడే పిల్లలున్నారు కదా.

ఆపరేషన్ చేసి, వాడి కాలిలోనుండే ఒక పోగు తీసి తెగినదాని స్థానంలో వేశారు. అది లోపల కుదురుకుని గట్టిపడడానికి తొమ్మిది నెలలైనా పడుతుందనీ, అందాకా ఆట మాట ఎత్తవద్దనీ చెప్పి పంపారు.

నేను రోజూ సాయంత్రం వాడి మంచం దగ్గర కూర్చుని గోపీచంద్ కథే చెప్పేవాడిని. నాలుగో నెలలో నొప్పి పోయింది. ఒకనాడు తెల్లవారుజామున, వాళ్లమ్మ పాలు పితుకుతుండగా, వాడు చప్పుడు చేయకుండా గ్రౌండుకు పోయి పరుగెత్తాడు. ఇంటికి వచ్చేసరికి మోకాలు కుండలా వాచింది. నేను కోపం పట్టలేక, “ఏందిరా ఈ పని?” అని గద్దించాను.

“మీరే అన్నారుగా పెదనాన్నా, పట్టు విడవకూడదని.”

నాకు నోట మాట రాలేదు.

ఆ తరువాత నేను ఆయన సంగతులు కూర్చుని మొదటినుండీ చదివాను. దెబ్బ తగిలింది 1994లో, పూణే జాతీయ క్రీడల్లో, డబుల్స్ ఆటలో. అప్పటికి ఆయన వయసు ఇరవై. మా వాడికి తెగింది ఏదో ఆయనకూ అదే తెగింది. ఒక్క ఆపరేషన్‌తో పోలేదు. మొదటిసారి జాతీయ చాంపియన్ అయింది 1996లో. అక్కడినుండి 2000 దాకా వరుసగా ఐదుసార్లు. బర్మింగ్‌హామ్ నాటికి దెబ్బ తగిలి ఏడేండ్లు. నేను బడిలో ఆ ఏడేండ్లను ఒక్క వాక్యంలో దాటించేశాను. పడ్డాడు, లేచాడు, గెలిచాడు అన్నాను. మంచం మీద గడిచిన నెలలు నా కథలో లేనే లేవు.

తరువాతది కూడా నేను చెప్పలేదు. అలాంటి కప్పు ఆయనకు రెండోది రాలేదు. కూల్‌డ్రింకు ప్రకటనకు డబ్బిస్తామంటే, ఆరోగ్యానికి మంచిది కానిదానికి నా పేరు పెట్టనన్నారు. హైదరాబాదు గచ్చిబౌలిలో అకాడమీ కట్టడానికి డబ్బు చాలక సొంత ఇల్లు తాకట్టు పెట్టారు. 2008లో అది మొదలైంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో సైనా నెహ్వాల్‌కు కాంస్యం, 2016 రియోలో పి.వి.సింధుకు రజతం వచ్చినప్పుడు, కోర్టు పక్కన కుర్చీలో కూర్చున్నది ఆయనే. రియోకు ముందు మూడు నెలలు సింధు చేతిలో ఫోను కూడా ఉండనివ్వలేదట. (మా ఇంట్లో మూడు గంటలు తీసుకుంటేనే యుద్ధం.)

ఇదంతా వాడికి చెప్పాను. వాడు చాలాసేపు ఊరుకుని, “అంటే, నేర్పడమంటే ఆడలేనివాళ్లు చేసే పనా పెదనాన్నా?” అన్నాడు.

జీవితమంతా నేర్పడమే పనిగా బ్రదికినవాడిని, ఆ మాట నన్ను గుచ్చింది. కాని వాడు అడిగింది న్యాయమే. “దెబ్బ తగిలినవాడికి తెలిసేవి కొన్ని ఉంటాయిరా, ఆడే పిల్లకు అవి ఎవరో ఒకరు చెప్పాలి” అన్నాను. వాడికి ఆ జవాబు నచ్చలేదు. నాకూ పూర్తిగా నచ్చలేదు.

రాష్ట్రం జట్టులో వాడికి చోటు రాలేదు. డాక్టరు గారు సరేనన్న తరువాత ఒక్క సంక్రాంతికి ఊరి జట్టులో ఆడాడు, అంతే. తరువాత హైస్కూలు ఆడపిల్లలకు సాయంత్రం పూట కబడ్డీ నేర్పడం మొదలుపెట్టాడు. ఆట కంటే ముందు అరగంట మోకాళ్ల వ్యాయామమే చేయిస్తాడు. పిల్లలు విసుక్కుంటారు.

మొన్న వేసవిలో వారిలో ఒక అమ్మాయి మోకాలు మెలిపడింది. వాళ్లమ్మ కట్టు కట్టించడానికి ఆటో పిలిచింది. “వద్దు పిన్నీ, ముందు స్కానింగు” అని వీడు ఆటోకు అడ్డం నిలబడ్డాడు. ఆమె కేకలు వేసింది, చుట్టూ జనం చేరారు. వీడు ప్యాంటు పైకి మడిచి ఆపరేషన్ మచ్చ చూపించాడు. ఆమె ఒక క్షణం దానివంక చూసి, బిడ్డను ఎత్తుకుని గుంటూరు బస్సు ఎక్కింది.