వత్తులు మింగిన తెర

భాషాబోధకులకు కంప్యూటరు తెరతో ఏమి పని అని ప్రశ్నించే పెద్దలు నేటికీ మన మధ్య ఉన్నారు. సుద్దముక్కా నల్లబల్లా ఉండగా వేరే సాధనం దేనికని వారి అభిప్రాయం. ఆ అభిప్రాయాన్ని మేము పూర్తిగా తోసిపుచ్చము. పద్యపాఠానికి సుద్దముక్కను మించిన సాధనాన్ని మేమింతవరకు చూడలేదు. కాని శాసనాల నకళ్ళూ, తాళపత్రాల ఛాయాచిత్రాలూ, పాత పత్రికల పుటలూ బల్ల మీద రాసి చూపడానికి వీలుకానివి. అందుచేతనే ఈ విద్యాసంవత్సరారంభంలో కళాశాల కమిటీవారు సమావేశ మందిరపు గోడకు 43 అంగుళాల టీవీ తెరనొకదానిని బిగింపజేసినప్పుడు తెలుగు, ఉర్దూ శాఖలవారం అందరికంటె ఎక్కువగా సంతోషించాము.

ఆ సంతోషం మొదటి పాఠంతోనే సన్నగిల్లింది. ల్యాప్‌టాప్ మీద ముత్యాలవలె ఉన్న అక్షరాలు గోడ మీది తెరకు చేరేసరికి నీరుకావి పట్టిన గుడ్డ మీది అచ్చువలె అలుక్కుపోయాయి. 'రాష్ట్రం' అనే మాటలో షకారం కింద ఉన్న రెండు వత్తులూ కలిసి ఒకే మరకగా మారాయి. ద, ధ, థలకు భేదం నశించింది. మూడవ వరుస దాటిన విద్యార్థులలో చాలామంది తమ పుస్తకాలలో 'అర్థము' అని రాసుకోవలసిన చోటనెల్ల 'అర్ధము' అని రాసుకున్నారు. పద్యానికి అర్థం చెప్పమంటే సగం చెప్పి ఊరుకున్నట్లయింది మా పని. పరిహాసానికి ఇలా అంటున్నాము గాని, ఆ పుస్తకాలలో ఉన్నదే పరీక్షలో రాస్తారు గదా.

ఉర్దూ శాఖవారి కష్టం మరింత పెద్దది. బే, పే, తే, సే అనే నాలుగు అక్షరాల ఆకృతి ఒక్కటే. కింద ఒక చుక్క ఉంటే బే, కింద మూడుంటే పే, పైన రెండుంటే తే, పైన మూడుంటే సే. మూడు చుక్కలు కరిగి ఒక ముద్దగా కనిపించినప్పుడు చదువరి ఊహించుకోవలసిందే తప్ప చదవగలిగేది ఏమీ ఉండదు.

తెర అమ్మినవారిని పిలిపించాము. వచ్చిన యువకుడు ఒక ఇంగ్లీషు పుటను తెరిచి చూపి, "ఇంగ్లీషు క్లియర్‌గానే ఉంది కద సార్. తెలుగు, ఉర్దూ ఫాంట్లంటే ఇట్లానే వస్తాయి. ఇంకా పెద్ద మోడల్ తీసుకుంటే కొంచెం బాగుంటది" అని సెలవిచ్చాడు. ఆ మాట కమిటీవారి చెవిని కూడా పడింది. సభ్యులలో ఒకరు, దురుద్దేశంతో కాదు సుమా, ఖర్చు గురించిన దిగులుతోనే, అలాగైతే మందిరాన్ని ఇంగ్లీషులో పాఠాలు చూపించే సైన్సు, కామర్సు శాఖలకు వదలి, భాషల తరగతులను పాత గదులలోనే జరుపుకోవచ్చునని సూచించారు. మాకు బాధ కలిగించినది గది పోవడం కాదు. తప్పు లిపిదని తేల్చివేయడం. తీగ తప్పో, అమరిక తప్పో చూడకుండానే వెయ్యేళ్ళ కావ్యభాషను దోషిగా నిలబెట్టడం న్యాయమనిపించలేదు. పదిహేను రోజుల గడువు అడిగాము. కమిటీవారు దయతో ఇచ్చారు.

మా శాఖలో యంత్రశాస్త్రం చదివినవారు లేరు. బి.కాం. కంప్యూటర్సు చదివే ఇద్దరు విద్యార్థులు తోడువచ్చారు. అయితే దారి చూపినది మాత్రం ఉర్దూ శాఖలోని మా పెద్ద సహాధ్యాపకులే. కాతిబులు అక్షరాన్ని కొలిచే పద్ధతిని ఆయన ఒక సాయంత్రం మాకు వివరించారు. కలం మొన వెడల్పుతో పెట్టిన చుక్కయే వారికి కొలబద్ద. నస్తాలీక్ రాతలో అలిఫ్ ఎత్తు మూడు చుక్కలు. "చూడండి మియాఁ, చుక్కల లెక్క తప్పితే ఉస్తాదు కాగితం చించేసేవాడు. మీ తెరకు చుక్కల లెక్క ఎంతో ముందు అడగండి" అన్నారాయన.

అడిగాము. గోడ మీది తెరకు అడ్డంగా 1920, నిలువునా 1080, వెరసి 20,73,600 చుక్కలు. ల్యాప్‌టాప్ తెరకు 1366, 768, వెరసి 10,49,088. రెండు తెరల మీదా ఒకే బొమ్మ కనబడేట్లు పెట్టడంచేత కంప్యూటరు చిన్నదాని లెక్కనే రెండింటికీ పంపుతున్నది. వచ్చిన ఒక్కొక్క చుక్కను గోడ మీది తెర సుమారు ఒకటీ నలభై వంతుల చుక్కలుగా సాగదీసుకోవలసి వస్తున్నది. చుక్కలో భాగం ఉండదు. కనుక అది పక్క చుక్కల రంగులను కలిపి నడిమి రంగులు పూస్తుంది. మన ఇళ్ళ వాకిళ్ళలో ముగ్గులు పెట్టే తల్లులకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. పదిహేను చుక్కలకు కట్టిన ముగ్గును ఇరవై ఒక్క చుక్కల మీద పరచబోతే గీత ఎక్కడా చుక్కను తాకదు.

మరి ఇంగ్లీషు ఎలా బతికింది? ఆ లిపిలో అక్షరాలు ఒకే వరుసన, విడివిడిగా, నిలువు గీతలతో నిలుస్తాయి. గీత కొంత మసకబారినా ఆకారం పోల్చుకోవచ్చు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు, కొన్నిచోట్ల వత్తు కింద మరొక వత్తు. అంత సామగ్రి అదే ఎత్తులో ఇమడాలి. ఇంగ్లీషుకు రెండు చుక్కలు చాలిన చోట మనకు అయిదారు కావాలి. కాబట్టి తెరలో ఉన్న దోషం మన లిపిలో ముందుగా బయటపడుతుంది. ఇంగ్లీషు పుటలోనూ ఆ దోషం ఉన్నదే. ఆ యువకుడు చూపిన పుటనే దగ్గరకు వెళ్ళి చూస్తే 'ఇ' అక్షరపు నడుమ గీత చుట్టూ బూడిదరంగు అంచు స్పష్టంగా కనిపించింది.

ఇక తీగ సంగతి. వెనుకటి ప్రొజెక్టరు కాలంలో గోడలోపల పరచిన నీలితల పొడవాటి వీజీఏ తీగనే, ఒక చిన్న మార్పిడి పెట్టెతో, ఈ తెరకు తగిలించి ఉన్నారు. వీజీఏ పద్ధతి 1987లో వచ్చినది. తన కాలానికి అది గొప్పదే. కాని అందులో బొమ్మ అంకెలుగా కాక, హెచ్చుతగ్గుల విద్యుత్తరంగంగా పోతుంది. తీగ పొడవు పెరిగినకొద్దీ ఆ తరంగం మెత్తబడి, అక్షరం పక్కన నీడవంటి మరో అక్షరం పడుతుంది. దాన్ని తొలగించి 2002లో పుట్టిన హెచ్‌డీఎంఐ పద్ధతి తీగను వేశాము. కొత్త తెర ఖరీదుతో పోలిస్తే తీగకైన సొమ్ము చెప్పుకోదగినది కాదు. పిమ్మట విండోస్ మీటనూ, పి అక్షరాన్నీ కలిపి నొక్కి, ఒకే బొమ్మ అనే పద్ధతి మాని, రెండవ తెర మాత్రమే అనే పద్ధతిని ఎన్నుకున్నాము. అమరికల పుటలో 1920, 1080 అంకెల పక్కన 'సిఫారసు' అని కనిపించింది. దాన్ని ఉంచాము. 'రాష్ట్రం' తన రెండు వత్తులనూ తిరిగి సంపాదించుకున్నది.

విద్యార్థులు చప్పట్లు కొట్టారు. కాని పని సగమే అయింది. నాలుగు అంచులలోనూ కొంత బొమ్మ తెర అవతలికి పోయి, అడుగున ఉండవలసిన పట్టీ సగమే కనబడుతున్నది. ఇది టీవీలకు పూర్వకాలపు అలవాటు. ప్రసారంలో అంచులు సరిగా ఉండేవి కావు గనుక బొమ్మను కొద్దిగా పెంచి అంచులు కత్తిరించేవారు. ఆ అలవాటు నేటి తెరలలో కొన్నింటిని వదలలేదు. అలా పెంచితే చుక్కల లెక్క మళ్ళీ చెడుతుంది. టీవీలోని బొమ్మ పరిమాణం అమరికలో, ఉన్నది ఉన్నట్లు చూపేదాన్ని ఎన్నుకుంటే అది తీరింది.

అప్పుడు ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన ద్వితీయ సంవత్సరపు విద్యార్థిని ఒకతె లేచి, "సర్, నల్ల అక్షరాలు బాగున్నాయి. మీరు సంధి జరిగిన చోట ఎర్రగా పెట్టినవి మాత్రం ఇంకా తడిసినట్టే ఉన్నాయి" అన్నది. ఆమె మాట నూటికి నూరుపాళ్ళు నిజం. నీలం మీద ఎరుపు మరీ అధ్వాన్నం. మానవుని కన్ను వెలుగు నీడల భేదాన్ని గుర్తించినంత సూక్ష్మంగా రంగుల భేదాన్ని గుర్తించలేదు. ఈ సత్యాన్ని ఆధారం చేసుకొని ప్రసార శాస్త్రజ్ఞులు వెలుగును చుక్కకొకటిగానూ, రంగును రెండు లేక నాలుగు చుక్కలకు కలిపి ఒకటిగానూ పంపి పొదుపు చేశారు. ముఖాలకూ, మేఘాలకూ ఈ పొదుపు హాని చేయదు. సన్నని ఎర్ర వత్తుకు చేస్తుంది. చాలా టీవీలు తమకు వచ్చే బొమ్మను చలనచిత్రమే అనుకొని ఇలా రంగు కుదిస్తాయి. తీగ తగిలించిన ద్వారానికి అమరికలలో 'పీసీ' అని పేరు పెడితే వాటిలో అనేకం ఆ కుదింపును మానుకుంటాయి. మా తెర మానుకున్నది. పేరు మార్చినంతమాత్రాన స్వభావం మారడం మనుషులలో మేము చూడలేదు!

మిగిలినవి చిన్నవి. టీవీలో 'షార్ప్‌నెస్' అనేది హెచ్చుగా ఉంటే ప్రతి గీత చుట్టూ తెల్లని అంచు గీస్తుంది. తగ్గించాము. నలుపు బూడిదగా కనిపిస్తే, కంప్యూటరు 16 నుండి 235 వరకు ఉన్న మెట్లను పంపుతుండగా తెర 0 నుండి 255 వరకు ఎదురుచూస్తున్నదని అర్థం. రెండు వైపులా ఒకే కొలత పెట్టాలి. అక్షరాల అంచున ఎరుపు, నీలం ఛాయలు కనిపిస్తే, 1998లో ప్రకటించిన క్లియర్‌టైప్ అనే పద్ధతిని ఆ తెరకు తగినట్లు సరిచూడాలి. ఒక్కొక్క చుక్కలోని ఎరుపు, ఆకుపచ్చ, నీలం బద్దలను వేర్వేరుగా వాడుకొని గీతను సన్నబరచే ఉపాయమది. ఒక తెరకు కుదిర్చినది మరొక తెరకు కుదరకపోవచ్చు. విండోస్‌లోని సవరణ పుట తెర తరువాత తెరను అడిగి సరిచేస్తుంది.

ఈ సంచికను కూర్చేటప్పుడు మరొక చిక్కు ఎదురైంది. కార్యాలయంలోని మానిటరు మీద తక్కినవన్నీ నిర్మలంగా ఉండగా, పుటల కూర్పుకు వాడే పాత ప్రోగ్రాము ఒక్కటే మసకగా కనిపించింది. అక్షరాలు పెద్దవిగా కనబడాలని ఎవరో 125 శాతం పెట్టి ఉన్నారు. ఈ శాతాల సంగతి తెలియని పాత ప్రోగ్రాములను విండోస్ ఫోటోవలె సాగదీసి చూపిస్తుంది. ఆ ప్రోగ్రాము లక్షణాల పుటలో, అనుకూలత విభాగంలో, అధిక చుక్కల తెరకు సంబంధించిన అమరికను ప్రోగ్రాముకే అప్పగిస్తే మసక పోయింది. అక్షరాలు చిన్నవయ్యాయి. కూర్పరి కళ్ళద్దాలు తెచ్చుకున్నారు.

గడువు ముగిసేలోగా కమిటీవారిని మందిరానికి ఆహ్వానించి ఒక పరీక్షా పుటను చూపించాము. అందులో రాష్ట్రం, లక్ష్మణుడు, అర్ఘ్యం, అర్థం, అర్ధం అనే మాటలు తెలుగులోను, చుక్కల అక్షరాలు గల మాటలు ఉర్దూలోను, తెలుపు మీద నలుపుగాను, నీలం మీద ఎరుపుగాను ఉంచాము. మందిరాన్ని ఇతర శాఖలకు వదలాలని సూచించిన సభ్యులే లేచి వెనుక బల్ల దాకా నడచి, అక్కడినుండి అర్థాన్నీ అర్ధాన్నీ విడివిడిగా చదివి వినిపించారు. భాషల తరగతులు మందిరంలోనే సాగుతున్నాయి. ఆ పుట ప్రతి ఇప్పుడు అక్కడి బీరువాలో ఉన్నది. ఏ శాఖవారైనా తీగ తగిలించగానే దాన్ని ఒకసారి తెరిచి చూసుకోవచ్చు.

ఒక ఇబ్బంది మాత్రం అమరికలతో తీరేది కాదు. కంటివైద్యుల లెక్క ప్రకారం మంచి చూపు గలవారు 6 మీటర్ల దూరం నుండి పోల్చుకోగల ఇంగ్లీషు అక్షరపు ఎత్తు సుమారు 9 మిల్లీమీటర్లు. మా చివరి వరుస 9 మీటర్ల దూరంలో ఉన్నది. అంటే 13 మిల్లీమీటర్లు కావాలి. ఈ తెర మీద ఒక చుక్క అర మిల్లీమీటరు గనుక, 26 చుక్కలు. అది ఇంగ్లీషుకు కనీసం. మన వత్తు కూడా కనబడాలంటే దానికి రెండింతలైనా తప్పదు. ఆ లెక్కన తెర మీద పది పంక్తులకు మించి పట్టవు. ప్రస్తుతం సీసపద్యాన్ని ఒక పుటలోనూ, దాని ఎత్తుగీతిని మరొక పుటలోనూ చూపించవలసి వస్తున్నది. పడమటి కిటికీ నుండి మూడు గంటల వేళ తెర మీద పడే ఎండకు ఒక దళసరి పరదా కావాలని కమిటీవారికి విన్నపం పెట్టుకున్నాము.