మూడు రూపాయల టికెట్టు, ఆరు పౌండ్ల గేటు

నేను చదివింది మున్సిపాలిటీ తెలుగు బడిలో నాలుగో తరగతి దాకే. పద్దెనిమిదో ఏట మిల్లులో బదిలీ కార్మికునిగా చేరిన. మిల్లు మూతపడ్డంక పవర్‌లూమ్ కార్ఖానాలో చేసిన. రాతలో తప్పులుంటే మన్నించాలి. మన సోలాపూర్‌లో ఇప్పుడు చాలా ఇండ్ల పిల్లలు బయటి దేశాల్లో ఉంటున్నరు. మనవడిని చూడడానికో, పురుడు పోయడానికో మనలాంటి వాళ్లం కూడా విమానం ఎక్కుతున్నం. అట్ల పోయేవాళ్లకు పనికొస్తుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్న.

మా చిన్న బిడ్డ నర్సు. ఆమె, మా అల్లుడు లండన్‌లో హౌన్స్‌లో అనే చోట ఉంటరు. హీత్రో ఎయిర్‌పోర్టు అక్కడికి దగ్గరే. విమానాలు మన ఇంటి కప్పు మీదనే దిగుతున్నయా అన్నట్టు కనపడతయి. 2025 జనవరిలో బిడ్డకు కొడుకు పుట్టిండు. పురుడు మా వియ్యంకులు చూసుకున్నరు. మార్చిలో వాళ్లు తిరిగి వచ్చే ముందు మేమిద్దరం పోయినం. ఒక వారం అందరం కలిసి ఉన్నం. తర్వాత అల్లుడు వాళ్ల అమ్మానాయినలను కారులో ఎయిర్‌పోర్టులో దింపి వచ్చిండు. కథ అక్కడ మొదలైంది.

హీత్రోలో మనిషిని దింపడానికి కారు గుమ్మం ముందుకు పోతే పైసలు కట్టాలి. ఇది 2021 నవంబరులో ఐదు పౌండ్లతో మొదలైందట. మేము పోయిన ఏడు ఆరు పౌండ్లు. మన లెక్కలో ఏడు వందల రూపాయల దాకా. ఒక్క నిమిషం ఆగినా అంతే. కార్లు తగ్గాలని, జనం బస్సుల్లో, రైళ్లలో రావాలని ఈ చార్జి పెట్టినమని ఎయిర్‌పోర్టు వాళ్లు చెప్తరు. ఏదేమైనా నాకు విచిత్రమనిపించింది చార్జి కాదు, దాన్ని తీసుకునే తీరు.

అక్కడ గేటు లేదు. అడ్డకర్ర లేదు. చీటీ ఇచ్చే మనిషి లేడు. పైసలు వేసే డబ్బా కూడా లేదు. కెమెరా మన కారు నంబరు చదువుకుంటది, అంతే. మనం ఇంటికి పోయి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కట్టాలి. మర్నాడు అర్ధరాత్రి దాకా గడువు. కట్టకపోతే కారు ఎవరి పేరు మీద ఉందో వాళ్ల ఇంటికి ఉత్తరం వస్తది, 80 పౌండ్ల జరిమానా అని. పద్నాలుగు రోజుల్లో కడితే 40తో పోతది.

మా మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఉండేటోడు. సైరన్ అయినంక ఐదు నిమిషాలు ఆలస్యమైతే లోపలికి రానిచ్చేటోడు కాదు. అయినా మనిషి కదా. పిల్లకు జ్వరమనో, బస్సు రాలేదనో చెప్పుకుంటే ఒక్కోసారి తల తిప్పుకొని పొమ్మనేటోడు. కెమెరాతో ఏం చెప్పుకుంటం?

ఆ రాత్రి నిజంగనే మనవడికి జ్వరం. వియ్యంకులను దింపి అల్లుడు ఇంట్ల కాలు పెట్టేసరికి పసివాడి ఒళ్లు కాలిపోతున్నది. ఆస్పత్రి, మందులు, రెండు రాత్రులు ఎవరికీ నిద్ర లేదు. ఆరు పౌండ్ల సంగతి ఎవరికి యాదికుంటది? తర్వాత ఉత్తరం వచ్చింది. వచ్చిన ఉత్తరాలన్నీ ఒక దగ్గర పెట్టి తీరినప్పుడు చూసే అలవాటు వాళ్లది. తీరి చూసేసరికి పద్నాలుగు రోజులు దాటినయి. తప్పు మాదే, ఎవరినీ అనేది లేదు.

ఇదంతా నాకు అప్పుడు తెల్వదు. అల్లుడు ఆదివారం కూడా గోడౌన్ పనికి పోతుంటే, ఏమైంది బిడ్డా అని అడిగిన. "ఏం లేదు నాయినా, పని ఎక్కువ ఉందట" అన్నది. ఒకనాడు ఫ్రిజ్ మీద ఒక కాగితం కనపడింది. దాని మీద వాళ్ల కారు ఫొటో, పక్కన 80 అని. నాకు ఇంగ్లీషు రాదు గాని అంకెలు వస్తయి. తొమ్మిది వేల రూపాయల పైన! మేమిద్దరం వచ్చి కూర్చొని తింటున్నం, పిల్లలు అప్పుల పడ్డరని నా మనసుకు తోచింది. రెండు రోజులు అన్నం సరిగ తినలేదు. ఆఖరుకు అల్లుణ్ని నడకకు తీసుకపోయి అడిగిన.

ఆయన నవ్విండు. "అప్పు కాదు మామా, మరుపు. మీకు తెలిస్తే బాధపడతరని చెప్పలేదు" అన్నడు. అప్పుడే పైన రాసిన రూలంతా నాకు విడమరచి చెప్పిండు. కారు నంబరును ముందే రాయించి పెడితే పైసలు వాటంతట అవే కట్ అయ్యే పద్ధతి కూడా ఉందట. ఆ జరిమానా తర్వాత అట్ల రాయించిండు.

నా బుర్రల మాత్రం ఆ 80 అంకె కూర్చున్నది. ఆగస్టులో మా తిరుగు ప్రయాణం. మమ్మల్ని దింపడానికి ఒక్క పైస కూడా కట్టనియ్యనని మనసులో అనుకున్న. అల్లుణ్ని అడిగితే ఇంకో దారి చెప్పిండు. కార్లు రోజుల తరబడి పెట్టుకునే పార్కింగ్ కొంచెం దూరంలో ఉంటది. దాన్ని లాంగ్ స్టే అంటరు. అక్కడ మనిషిని దింపితే చార్జి లేదు. అక్కడి నుంచి టెర్మినల్‌కు ఉచిత బస్సు ఉంటది. ఇది దొంగతనంగ తప్పించుకునుడు కాదు, వాళ్లే చెప్పిన దారి.

"అయితే మమ్మల్ని అక్కడ దింపు. మేము ఉచిత బస్సుల పోతం. మీరు అటునుంచి అటే ఇంటికి పోండ్రి, చిన్నపిల్లగాడితోని మీకెందుకు తిప్పలు" అన్న.

బిడ్డ వంటింట్ల ఉండి విన్నది. చేతిల గరిటె పట్టుకొనే వచ్చి నిలబడ్డది.

"మూడు రూపాయలకు ఆనాడు నువ్వు గేటు బయట నిలబడ్డవు నాయినా. ఇయ్యాల ఆరు పౌండ్లకు నన్ను నిలబెడతవా?"

నాకు నోట మాట రాలేదు. పదిహేనేండ్ల కింది ముచ్చట అది. నర్సింగ్ చదువుకు బిడ్డ మొదటిసారి ముంబై పోతున్నది. సిద్ధేశ్వర్ ఎక్స్‌ప్రెస్, రాత్రి బండి. అప్పుడు ప్లాట్‌ఫారం టికెట్టు మూడు రూపాయలు. ఆ నెలల్లో లోడ్‌షెడ్డింగ్ ఎక్కువ. సాంచెలు నడిచినంత సేపే కూలి, కరెంటు పోతే చేతులు కట్టుకొని కూర్చునుడే. బిడ్డ ఫీజుకు మా ఇంటామె బీడీల సొసైటీలో అప్పు తెచ్చింది. ఆ రాత్రి నేను ఒక్కటే టికెట్టు కొన్న, మా ఇంటామెకు. నేను బయటనే నిలబడ్డ. సంచి లోపలికి ఇచ్చి, పో బిడ్డా అన్న. బండి కూత మాత్రం వినపడ్డది, బండి కనపడలేదు.

మూడు రూపాయలు మిగిలినయి. వాటితో ఏం చేసిన్నో ఇప్పుడు యాదికి లేదు. పద్దెనిమిదేండ్ల పిల్ల కిటికీల నుంచి నాయిన కోసం చూసిందని నాకు ఇన్నేండ్లు తెల్వదు. ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ రోజే అన్నది.

మా ఇంటామె మధ్యలో వచ్చింది. ఆమె మాట తక్కువ, తెగింపు ఎక్కువ. "కారు వద్దు, జరిమానా వద్దు. అందరం బస్సుల పోదాం. లోపలి దాకా పోదాం. ముంబైల లెక్క అక్కడ ఆపుతరా ఏంది?" అని అల్లుణ్ని అడిగింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మేము వచ్చేటప్పుడు మా పెద్దోడు ముంబై దాకా వచ్చిండు. విమానం టికెట్టు లేనిదే మన దగ్గర తలుపు లోపలికి పోనియ్యరు, పోలీసులు టికెట్టు, గుర్తింపు కార్డు చూస్తరు. వాడు అద్దం బయట నిలబడి చెయ్యి ఊపిండు. హీత్రోలో అట్ల కాదు. సామాన్లు అప్పజెప్పే హాలు దాకా ఎవరైనా రావచ్చు. ఆ తర్వాత సెక్యూరిటీ దగ్గరే విడిపోవాలి.

పోయే రోజు 111 నంబరు ఎర్ర బస్సు ఎక్కినం. రెండంతస్తుల బస్సు. రెండు పెద్ద పెట్టెలు అల్లుడు పట్టుకున్నడు, మనవడు బిడ్డ చంకల. అక్కడి బస్సుల్లో కండక్టరు లేడు, చిల్లర తీసుకోరు. మా ఇద్దరికీ నీలం రంగు కార్డులు కొనిచ్చినరు. మిషన్‌కు ఆనిస్తే టిక్కుమంటది, అంతే. టికెట్టు ఎంతనో నేను చూడలేదు. బస్సు అంటే అగ్గువ అనే ధీమా నాది.

రెండు గంటలు ముందే చేరినం. హాల్లో కుర్చీలు దొరికినయి. బిడ్డ రాత్రి కూర్చొని చేసిన జొన్నరొట్టెలు, మనం ఇక్కడి నుంచి తీసుకపోయిన పల్లి చట్నీ డబ్బాల అడుగున మిగిలింది, విప్పుకొని తిన్నం. మనవడు నా మెడల తువ్వాల పట్టుకొని ఇడవలేదు. బిడ్డ నా పక్కన కూర్చున్నది. పెద్దగ ఏం మాట్లాడలేదు. బీపీ గోలీలు ఏ జేబుల ఉన్నయో మూడుసార్లు చెప్పింది. "కారులో వస్తే గుమ్మం ముందు దింపి, వెనక కారోడు హారన్ కొట్టకముందే కదలాలి నాయినా" అన్నది. గంటన్నర కూర్చున్నం. లేచేటప్పుడు, "ఆనాడు టికెట్టు కొననందుకు కోపం ఉన్నదా బిడ్డా?" అని అడిగిన.

"కోపం కాదు నాయినా. నువ్వు వస్తున్నవేమో అని చూసిన, అంతే" అన్నది.

సెక్యూరిటీ దగ్గర వెనుకకు తిరిగి చూసిన. ఈసారి కనపడ్డది. లైను మలుపు తిరిగేదాక నిలబడే ఉన్నది.

సోలాపూర్ వచ్చిన వారానికి ఫోన్‌లో మాట్లాడుతూ, మొత్తానికి ఆరు పౌండ్లు మిగిల్చిన కదా అని గొప్పగ అన్న. అల్లుడు గట్టిగ నవ్విండు. "మామా, బస్సుకు మనిషికి పౌనే దో పౌండ్లు. పోయేటప్పుడు నలుగురం, ఏడు పౌండ్లు. మేమిద్దరం తిరిగి రావడానికి మూడున్నర. మొత్తం పదిన్నర!"

కాగితం మీద రాసి చూసుకున్న. నిజమే. ఆరు తప్పించుకోవడానికి పదిన్నర పెట్టినం. నలభై ఏండ్లు తారీఖు తారీఖుకు కూలి లెక్క రాసుకున్న మనిషిని, ఈ లెక్క తప్పిన. బిడ్డకు ముందే తెలుసట. చెప్తే నేను బస్సు కూడా వద్దంటనని చెప్పలేదట. మా ఇంటామె పక్కనుంచి, "ఎక్కువైన నాలుగున్నర పౌండ్లు ఆనాటి మూడు రూపాయల మిత్తి అనుకో" అన్నది. మూడు రూపాయలకు అంత మిత్తి ఏ సావుకారి వేయడు గాని, నేను కిక్కురుమనలేదు.

ఇంక పోయేవాళ్లకు పనికొచ్చే మాటలు. 2026 జనవరి నుంచి హీత్రోలో దింపే చార్జి ఏడు పౌండ్లు అయింది, అక్కడ పది నిమిషాల కంటే ఎక్కువ ఆగొద్దు. లండన్‌కు ఇంకో ఎయిర్‌పోర్టు ఉంది, గ్యాట్విక్, అక్కడ పది పౌండ్లు. మీ పిల్లలు కారులో దింపితే, ఇంటికి చేరంగనే ముందు ఆ పైసలు కట్టమని చెప్పండ్రి. లేకపోతే కారు నంబరు ముందే రాయించి పెట్టమనండ్రి. వికలాంగుల బ్లూ బ్యాడ్జి ఉన్నవాళ్లకు హీత్రోలో ఆ చార్జి మాఫీ ఉంది, కాకపోతే ముందుగ రాయించుకోవాలి. ఒక్కరే పోతుంటే బస్సు, రైలు అగ్గువ. హౌన్స్‌లో నుంచి పికడిల్లీ లైను రైలు కూడా హీత్రోకు పోతది. నలుగురు పోతుంటే నాలాగ కాకుండ ముందు లెక్క వేసుకోండ్రి. ఆ దేశం ఉత్తరం ఏదొచ్చినా అదే రోజు విప్పండ్రి.

సోలాపూర్ స్టేషన్‌లో ప్లాట్‌ఫారం టికెట్టు ఇప్పుడు పది రూపాయలు. రెండు గంటలు చెల్లుతది. మొన్న మా పెద్దోడి బిడ్డ పుణె కాలేజీకి పోయింది. ఇంటిల్లిపాదికి టికెట్లు నేనే కొన్న. నాది కూడా.