మంద దిగిన చేను

రోహిణి కార్తెలో వరంగల్ చుట్టుపక్కల చేన్లను చూసినవాళ్లకు ఎడారి ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పత్తికట్టె పీకేసిన నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. చెరువు అడుగున ఒండ్రు పెళ్లలు పెళ్లలుగా లేస్తుంది. ఆ ఎండల్లో ధర్మసాగరం నుంచి ఆత్మకూరు దాకా ఒక గొర్లమంద వెంట మూడు రోజులు నడిచాను. రాత్రిళ్లు మంద పక్కనే పడుకున్నాను.

మంద కాపరులు జనగామ వైపు కుర్మలు. నాలుగు ఇండ్ల గొర్లు కలిసి మూడు వందల పైచిలుకు. నలుగురు మగవాళ్లు, ఇద్దరు ఆడవాళ్లు, రెండు కుక్కలు. వెనకట సామాను గాడిదల మీద వెళ్లేదట. ఇప్పుడు ఒక టీవీఎస్ ఎక్సెల్ మోస్తోంది. వలలు, బియ్యం, గిన్నెలు, తార్పాలిన్, వాటన్నిటి పైన ఒక గంప. గంపలో ఆ పొద్దున పుట్టిన రెండు పిల్లలు. మృగశిర చినుకు పడేసరికి ములుగు అడవి అంచుకు చేరాలని వాళ్ల తొందర.

వాన పడబోతుంటే ఊరొదిలి పోవడమేమిటని అడిగాను. మందకు పెద్ద అయిన ముసలాయన, నేను కాకా అని పిలుస్తున్నాయన, చేతిలోని దోటితో చుట్టూ చూపించాడు. "వాన పడ్తే ఊరంత పచ్చగైతది బిడ్డా. ఇగ మా గొర్లకు కాలు పెట్ట జాగ ఉండదు."

ఆ మాట నన్ను చాలా దూరం వెంటాడింది. రాజస్థాన్‌లో రైకాలని గొర్రెలు, ఒంటెలు కాసేవాళ్లున్నారు. దీపావళి వెళ్లాక మార్వాడ ఎడారి వదిలి మధ్యప్రదేశ్, హర్యానా పొలాల మీదికి వెళ్తారు. వాళ్లు దిగిన విడిదిని డాంగ్ అంటారు. వాన పడితే ఎడారి చిగురిస్తుంది, ఇంటికి తిరిగొస్తారు. వాళ్లను ఇంటికి పిలిచే వానే మన కుర్మలను ఇల్లు కదిలిస్తుంది. ఇక్కడ ప్రతి చెలకా ఎవరో ఒకరి పంట కాబట్టి. పచ్చదనంలో కూడా చోటు దొరకని మనుషులుంటారని నాకు ఆ రోజే తెలిసింది.

పొద్దు వాలుతుండగా ఒక రైతు ఎదురొచ్చి, ఆ రాత్రి తన చేన్లోనే మంద పెట్టమని అడిగాడు. బేరం రెండు మాటల్లో తెగింది, వడ్లూ కొంత డబ్బూ. మేకులు దిగాయి, వలలు లేచాయి. అరగంటలో ఉత్త చేను ఊరైంది. మూడు రాళ్ల పొయ్యి, పచ్చిపులుసు, వేడి బువ్వ.

నడిరేయి కాకా దగ్గి లేచాడు. నాలుక అంగిట్లో కొట్టి ఒక చప్పుడు చేశాడు. పడుకున్న గొర్లన్నీ ఒక్కసారి కదిలి నిలబడ్డాయి. ఎండిన నేల మీద జడివాన పడ్డట్టు ఉచ్చ చప్పుడు, ఘాటైన వాసన. వాటిని మెల్లగా చేను రెండో సగానికి తోలాడు. ఒకచోటే పడుకుంటే ఎరువంతా ఒకచోటే పడుతుంది, మాట ఇచ్చింది మొత్తం చేనుకి. చూసేవాడు లేని ఆ వేళ, తన నిద్ర చెడగొట్టుకుని ఆయన ఆ మాట నిలబెట్టుకుంటున్నాడు. ఆ పనితనం ముందు నాకు మాట రాలేదు.

నేను తెచ్చుకున్న దుప్పటి తెల్లవారుజామున పనికిరాలేదు. ఆయన తన గొంగడి కప్పాడు. నల్లగొర్రె ఉన్ని, చింతగింజల గంజి పెట్టి నేసింది. మొదట గీరుకుంటుంది, తర్వాత ఒంటికి అలవాటవుతుంది. ఎండకు నీడ, వానకు కొప్పెర, నేల మీద పక్క, అన్నీ అదే. ఇప్పుడు ఆ ఉన్నిగొర్రె ఏది? మర్నాడు లెక్కపెట్టాను, మందలో నల్లవి పదకొండే. మిగతావన్నీ పొడుగుకాళ్ల నెల్లూరు రకం, మాంసానికే. 2017లో ప్రభుత్వం కాపరులకు 75 శాతం రాయితీతో 20 గొర్లు, ఒక పొట్టేలు చొప్పున పంచింది. ఆ పథకం మంచి మనసుతోనే వచ్చింది. కానీ గొంగడి నేసే మగ్గానికి దానివల్ల ఒరిగిందేమీ లేదని నేననుకుంటాను.

దారిలో ఇంకా పీకని పత్తిచేను కనిపిస్తే కాకా గొర్లను గట్టుకు అవతలికి తోలాడు. 2006లో ఇప్పగూడెం, వాలేరు ఊళ్లలో బీటీ పత్తి చేన్లు మేసిన గొర్లు చచ్చిపోయాయని కాపరులు మొత్తుకున్నారు. బీటీ వల్లనా, కొట్టిన మందుల వల్లనా అని పెద్దవాళ్ల మధ్య చాలాకాలం వాదం నడిచింది. కాకాకు ఆ వాదం అక్కర్లేదు. పత్తాకు వైపు చూడను కూడా చూడనివ్వడు.

రెండో రాత్రి హనుమకొండ పొలిమేరలో. నిరుడు మంద దిగిన చెలక ఈసారి వెంచరైంది, వరుసగా హద్దురాళ్లు. ఎవరినీ అడగాల్సిన పని లేదు, ఎవరూ రమ్మననూ లేదు. ఎరువు కావలసిన నేల కాదది. వలతాడు ఒక హద్దురాయికి కట్టారు. రాత్రంతా రోడ్డు మీద లారీల వెలుగు గొర్ల కళ్లలో పచ్చగా మెరిసి పోతుండేది. కాకా నడిరేయి లేచాడు, అలవాటు కొద్దీ. లేచి, కాసేపు నిలబడి, గొర్లను కదిలించకుండానే మళ్లీ పడుకున్నాడు.

మూడో రాత్రి ఆత్మకూరు దగ్గర మళ్లీ ఒక రైతు దొరికాడు. తెల్లారి గొర్లు మెడగంట చప్పుడు వెంట ములుగు దారి పట్టాయి. గొంగడి తిరిగి ఇచ్చేస్తుంటే కాకా, "మల్ల ఐలోని మల్లన్న జాతరకు రా బిడ్డా, కలుద్దాం" అన్నాడు. జాతర సంక్రాంతికి కదా, అప్పటికి వీళ్లు అడవి దిగి వచ్చి ఉంటారు.

మంద పోయాక చేన్లో వల నిలబడ్డ మేర నలుచదరంగా నల్లగా కనిపించింది, నిండా గిట్టల గుర్తులు. రైతు వంగి నాలుగు పెంటికలు ఏరి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి, రేపు పొద్దునకు ట్రాక్టర్ పంపమని ఎవరికో చెప్పాడు.