తెరమీది షికారు

‘షికారు’ అనే మాటను మన కళాశాలలో రెండు భాషల విద్యార్థులూ వాడుతారు. ఉర్దూలో దానికి వేట అని అర్థం. తెలుగులోకి వచ్చేసరికి అది తుపాకిని విడిచిపెట్టి సాయంకాలపు వాహ్యాళిగా మారిపోయింది. ఈ మార్పు నాకు ఎంతో ఇష్టం. అయితే ఇప్పుడు ఆ మాట పాత అర్థంతోనే కంప్యూటరు తెరమీదికి తిరిగి వచ్చింది.

స్వీడన్ దేశపు ఎక్స్‌పాన్సివ్ వరల్డ్స్ సంస్థ 2017లో విడుదల చేసిన ‘ది హంటర్: కాల్ ఆఫ్ ది వైల్డ్’ అనే ఆట విద్యార్థి మిత్రులలో కొందరికి తెలిసే ఉంటుంది. మా అన్నగారి పదమూడేళ్ళ కుమారునికి అదంటే ప్రాణం. దానిని ఆడనీయవచ్చునా, మాన్పించవలెనా అని అన్నగారు నన్ను అడిగారు. చూడకుండా తీర్పు చెప్పడం న్యాయం కాదు గనుక మూడు సాయంకాలాలు బాలుని పక్కన కూర్చున్నాను.

తక్కిన తుపాకి ఆటలకూ దీనికీ పోలిక లేదు. అర్ధగంట గడిచినా తుపాకి ఒక్కసారి కూడా పేలకపోవచ్చు. జర్మనీ అడవులను పోలిన ‘హిర్ష్‌ఫెల్డెన్’ అనే కల్పిత ప్రాంతంలో ఆటగాడు అడుగుజాడలను, పెంటికలను పరిశీలిస్తూ నడవాలి. గాలి తన వైపునుండి మృగం వైపు వీచిందా, అది వాసన పసిగట్టి పారిపోతుంది. మృగం పరిమాణానికి తగని తూటా వాడినా, గురి తప్పి కడుపులో తగిలినా ఆ ప్రాణి వెంటనే చావదు. నెత్తుటి చుక్కల వెంట దూరం పోయి వెతకాలి. చివరకు తూటా గుండెను తాకిందో, ఊపిరితిత్తులను తాకిందో తెరపై చూపుతారు. తొందరపాటుకు మార్కులు తగ్గుతాయి. ఓర్పు నేర్పడంలో ఈ ఆట మా తరగతి గదికన్న గట్టిదే. (కమిటీవారు మన్నింతురు గాక!)

నెత్తురు కనబడుతున్నదనే ఆక్షేపణతో నేను ఏకీభవించలేను. బక్రీదునాడు మన ఇళ్ళలో పిల్లలు నెత్తురు చూడనే చూస్తారు. అయితే ఆ మాంసం బంధువులకూ పేదలకూ చేరుతుందని వారికి తెలుసు. ఈ ఆటలో మిగిలేది కొమ్ముల కొలత, కొంత సొమ్ము. కంచు, వెండి, బంగారం, వజ్రం అని శ్రేణులు. మూడవనాటికి మా పిల్లవాడు జింకను చూడడం మాని దాని కొమ్ములనే చూస్తున్నాడు. నా అభ్యంతరమంతా అక్కడ. పైగా ఎన్నిటిని చంపినా కొంతకాలానికి మందలు మళ్ళీ నిండుతాయి. మన దేశపు చీతాకు ఆ భాగ్యం లేకపోయింది. 1952లో అది ఇక్కడ అంతరించినట్లు ప్రకటించారు. 2022లో నమీబియానుండి ఎనిమిదింటిని తెచ్చుకోవలసి వచ్చింది.

“చాచా, మన నల్లమలలో ఇట్లా వేటాడవచ్చునా?” అని ఆ బాలుడే ఒకసారి అడిగాడు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి చెప్పాను. “మరి జర్మనీలో?” అన్నాడు. అక్కడ పరీక్ష ఉత్తీర్ణులై లైసెన్సు పొందితేనే వేట. పదహారేళ్ళు నిండనివారికి ఆ లైసెన్సు ఇవ్వరు. నిండినా పద్దెనిమిది వచ్చేవరకు పెద్దవారు వెంట ఉండవలసిందే. నిజమైన అడవికి ఆ దేశం పెట్టుకున్న నిబంధన దాని బొమ్మకు మాత్రం ఎందుకు పనికిరాదు?

అన్నగారికి అదే చెప్పాను. ఏడేళ్ళ చిన్నవాణ్ణి ఆ తెర దగ్గరకు రానీయరాదు. పెద్దవాడు ఆడవచ్చు, కాని మాట్లాడే మనిషి ఒకరు పక్కన ఉండాలి. అన్నగారికి దుకాణం వదలి రావడానికి తీరిక లేదు. కాబట్టి ఆదివారాలు ఆ కుర్చీ నాకే దక్కింది.