గుమ్మం మీద ఒక కన్ను

ఇంటికి సీసీ కెమెరాలు పెట్టించుకునేవారు దుకాణంలో మొదట అడిగేది "ఈ డబ్బుకు ఎన్ని వస్తాయి?" అనే. పది, పదిహేను వేల రూపాయల్లో పని ముగించాలనుకునే కుటుంబానికి ఆ లెక్క పెద్దగా పనికిరాదు. కెమెరా దొంగను పట్టుకోదు. చాలాసార్లు ఆపను కూడా ఆపదు. వచ్చింది ఎవరో చూపిస్తుంది, అదీ ముఖం పోల్చుకునేంత స్పష్టంగా ఉంటేనే. నాలుగు కెమెరాల్లో నాలుగు నీడలు కనిపించడం కన్నా ఒక్క కెమెరాలో ఒక్క ముఖం కనిపించడం మేలు. తక్కువ డబ్బుతో చేసే ఎంపిక అంతా దీని మీదే నిలుస్తుంది.

ఇంటి కెమెరా పుట్టిందే గుమ్మం కోసం. న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో ఉండే మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ నర్సు. వేళకాని వేళల్లో ఇంట్లో ఒంటరిగా ఉండాల్సి వచ్చేది. తలుపు అవతల ఎవరున్నారో లోపలి గదిలోంచే చూసే ఏర్పాటుకు ఆమె, భర్త కలిసి 1966లో పేటెంట్‌కు దరఖాస్తు చేశారు. 1969లో అది మంజూరైంది. తలుపుకు వేర్వేరు ఎత్తుల్లో రంధ్రాలు, వాటి వెనుక కదిలే కెమెరా, గదిలో టీవీ తెర: ఆమె అడిగింది ఇంతే, వచ్చినవాడి ముఖం కావాలని. అరవై ఏళ్ల తర్వాత డాబా నాలుగు మూలలా కెమెరాలు బిగించి గుమ్మాన్ని వదిలేసే ఇళ్లు ఎన్నో.

ఇదే లెక్క జగ్గయ్యపేట, నందిగామలకూ వర్తిస్తుంది. ఇవి పాత కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలోని ఊళ్లు. 2022 ఏప్రిల్ 4 నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి ఈ రెండిటినీ ఆనుకునే పోతుంది. జగ్గయ్యపేట అవతల గరికపాడు దాటితే తెలంగాణ. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు పేట కట్టించి తండ్రి జగ్గయ్య పేరు పెట్టకముందు ఆ చోటును దొంగల బేతవోలు అనేవారని స్థానిక చరిత్ర చెబుతుంది. నేటి పేటకు ఆ పేరు అంటగట్టడం అన్యాయం. అయినా రాష్ట్రాల హద్దు దగ్గర, హైవే పక్కన ఉన్న ఊరికి కొత్త ముఖాల రాకపోకలు ఎక్కువన్నది నిజం. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉద్యోగాల్లో ఉండి, ఇంట్లో పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇళ్లూ తక్కువేమీ కాదు. అలాంటి ఇళ్లలో కెమెరా దొంగ కోసం ఎంతో, అమ్మ మందులు వేసుకుని వరండాలోకి వచ్చిందా అని చూసుకోవడానికీ అంతే.

ఈ ఊళ్లలో మామూలు ఇల్లంటే వీధి వైపు గేటు, వరండా, పక్కన సన్నటి సందు, వెనుక పెరటి తలుపు, బయటి నుంచే మేడ మీదికి మెట్లు. మొదటి కెమెరా వీధి గుమ్మానికి, రెండోది పెరటి తలుపుకు. మూడోదానికి డబ్బుంటే మేడ మెట్లకు. ప్రహరీ మూల నుంచి రోడ్డంతా కనిపించేలా పెట్టే కెమెరా చూడటానికి బాగుంటుంది, అవసరానికి అక్కరకు రాదు.

ఎందుకు రాదో చిన్న లెక్కతో తెలుస్తుంది. నిఘా కెమెరాలకు 2014లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం, ముక్కూముఖం తెలియని మనిషిని నిర్ధారించాలంటే చిత్రంలో ఒక మీటరు వెడల్పుకు 250 పిక్సెళ్లు ఉండాలి. తెలిసిన మనిషిని పోల్చుకోవడానికి 125 చాలు. అక్కడెవరో ఉన్నారని తెలియడానికి 25 చాలు. మార్కెట్లో విరివిగా దొరికే 2 మెగాపిక్సెళ్ల కెమెరా చిత్రం అడ్డంగా 1,920 పిక్సెళ్లు. దాన్ని 250తో భాగిస్తే సుమారు 7.7 మీటర్లు. అంటే కెమెరా 7.7 మీటర్ల వెడల్పును చూస్తున్నంత వరకే అపరిచితుడి ముఖం పనికొస్తుంది. చవక కెమెరాల్లో సాధారణంగా వచ్చే 2.8 మిల్లీమీటర్ల లెన్సు చాలా విశాలంగా చూస్తుంది కాబట్టి మూడు మీటర్ల దూరానికే ఆ వెడల్పు నిండిపోతుంది. ఆరు మీటర్ల దగ్గర పక్కింటి కుర్రాణ్ణి పోల్చుకోవచ్చు. ముప్పై మీటర్ల దగ్గర మనిషి ఉన్నాడని మాత్రమే తెలుస్తుంది. 3.6 లెన్సుతో ముఖం నాలుగు మీటర్ల దాకా, 6 లెన్సుతో ఎనిమిది మీటర్ల దాకా అందుతుంది. చూపు మాత్రం అంతకంతకూ ఇరుకవుతుంది. గుమ్మం పైన పెట్టేదానికి 2.8 సరిపోతుంది. వరండా నుంచి గేటును చూడాల్సినదానికి 6 అడగాలి. ధరలో తేడా పెద్దగా ఉండదు. అడిగేవారే తక్కువ, అందుకే దుకాణాల్లోనూ ఎదురుగా ఉండదు.

ఎత్తు కూడా ముఖ్యమే. అందకుండా ఉండాలని పన్నెండు, పదిహేను అడుగుల ఎత్తున బిగిస్తే టోపీ, నడినెత్తి తప్ప ఏమీ కనపడవు. ఎనిమిది, తొమ్మిది అడుగుల ఎత్తున సన్‌షేడ్ కింద బిగిస్తే ముఖమూ చిక్కుతుంది, ఎండావానల నుంచి నీడా దొరుకుతుంది.

రాత్రి సంగతి వేరు. చీకట్లో కెమెరా తన చుట్టూ ఉన్న పరారుణ దీపాలతో నలుపుతెలుపులో చూస్తుంది. ఆ వెలుగుకు పురుగులు చేరతాయి, పురుగుల కోసం సాలీడు గూడు కడుతుంది. వానాకాలంలో ఫుటేజీ తెరిస్తే తెల్లటి దారాలు ఊగుతూ ఉంటాయి. కెమెరాకు దగ్గరలో తెల్లసున్నం గోడ ఉంటే వెలుగంతా దాని మీద పడి, మధ్యలో నిలబడ్డ మనిషి నల్లబడిపోతాడు. దీనికి ఖరీదైన కెమెరా కన్నా మంచి మందు గేటు దగ్గర బల్బు. 9 వాట్ల ఎల్‌ఈడీ రాత్రంతా వెలిగినా నెలకు మూడు యూనిట్ల పైచిలుకే. చిత్రం రంగుల్లో వస్తుంది, చొక్కా రంగు తెలుస్తుంది, వచ్చేవాడికీ కాస్త జంకు ఉంటుంది.

ఇక వైఫైదా, తీగలతో ఒకే పెట్టెలోకి రికార్డు చేసే డీవీఆర్‌దా అన్న ప్రశ్న. ఒకటి రెండు కెమెరాలతో సరిపెట్టుకునే ఇంటికి వైఫై చాలు. ఒక్కొక్కటి రెండు మూడు వేలలో దొరుకుతుంది, తీగలు లాగే పని లేదు, మెమరీ కార్డులో రికార్డు చేస్తుంది. నెట్ పోయినా కార్డులోకి ఎక్కుతూనే ఉంటుంది, ఫోన్‌లో చూడటమే కుదరదు. దీని లోపం ఒకటే, అదీ చిన్నది కాదు: కెమెరాను పీక్కుపోతే కార్డూ దానితోనే పోతుంది. అందుకే మనిషి కదిలిన వెంటనే ఫోన్‌కు బొమ్మ పంపే ఏర్పాటును మొదటి రోజే ఆన్ చేయించాలి. రాత్రీపగలూ రాసే పనికి మామూలు కార్డు త్వరగా అరిగిపోతుంది కనుక నిఘా కోసమే చేసిన కార్డు కొనాలి.

మూడు నాలుగు కెమెరాలైతే డీవీఆరే లాభం. పెట్టె, హార్డ్ డిస్కు, కరెంటు సప్లై, తీగ, బిగింపు కూలి కలిపి పన్నెండు నుంచి పద్దెనిమిది వేల మధ్య తేలుతుంది. ధరలు కంపెనీని బట్టీ కాలాన్ని బట్టీ మారతాయి. ఈ మొత్తంలో కోత పడేది ఎప్పుడూ కంటికి కనపడని చోటే. మొదటిది తీగ. అసలు రాగి తీగ బదులు అల్యూమినియం మీద రాగి పూత పూసినది వేస్తే చుట్టకు కొన్ని వందలు మిగులుతాయి. పగలు అంతా బాగుంటుంది. రాత్రి పరారుణ దీపాలు వెలిగేసరికి కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, పొడవాటి నాసి తీగలో వోల్టేజీ పడిపోతుంది, కెమెరా ఆగి ఆగి మొదలవుతుంది. పగలు పనిచేసి రాత్రి మొరాయించే కెమెరాల్లో చాలావాటి రోగం ఇదే. తీగ కొన చెక్కి చూస్తే లోపల తెల్లగా ఉందో ఎర్రగా ఉందో తెలిసిపోతుంది.

రెండోది డిస్కు. సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాసే కెమెరా రోజుకు 21.6 జీబీ నింపుతుంది. నాలుగు కలిస్తే 86 జీబీ పైచిలుకు. ఆ లెక్కన 1 టీబీ డిస్కులో పదకొండు, పన్నెండు రోజులే నిలుస్తాయి, ఆపైన పాతది చెరిగిపోతుంది. వారం రోజులు ఊరెళ్లే ఇంటికి ఇది చాలు. నెలకోసారి వచ్చి చూసుకునే తాళం వేసిన ఇంటికి చాలదు. అక్కడ కదలిక ఉన్నప్పుడే రాసేలా మార్చుకోవాలి.

మూడోది కరెంటు. సరఫరా పోగానే కెమెరాలు కళ్లు మూసుకునే ఇంట్లో ఖర్చంతా దండగ. ఇన్వర్టర్ ఉన్న ఇళ్లలోనూ ఫ్యాన్లు, లైట్లకే లైను ఇచ్చి డీవీఆర్‌ను, నెట్ పెట్టెను వదిలేస్తుంటారు. నాలుగు కెమెరాల వ్యవస్థ 30 వాట్లకు అటూఇటూగా తింటుంది. నెలకు ఇరవై రెండు యూనిట్లు. ఇన్వర్టర్‌కు ఇది బరువు కాదు.

డీవీఆర్‌ను టీవీ కింద పెట్టడం చాలా ఇళ్లలో అలవాటు. ఆ సంగతి తెలిసిన దొంగ బీరువాలోని సొమ్ముతో పాటు దాన్నీ ఎత్తుకుపోతాడు. అటక మీద, గాలి ఆడే చోట, సామాను చాటున ఉండటం మంచిది. మున్నేటి పక్క ఊళ్లకు అటక సలహా మరో కారణానికీ పనికొస్తుంది: 2023 జూలైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర జాతీయ రహదారి మీదికే నీళ్లొచ్చి వాహనాలు నిలిచిపోయాయి.

మెట్ట ఎండలు వైశాఖంలో 45 డిగ్రీలు దాటుతాయి. పడమటి గోడకు నేరుగా ఎండలో బిగించిన ప్లాస్టిక్ కెమెరా రెండు వేసవులు గడిచేసరికి పెళుసెక్కుతుంది. బయట పెట్టేదాని మీద ఐపీ66 లేదా ఐపీ67 అన్న గుర్తు ఉండాలి. అందులో మొదటి 6 దుమ్ము చొరబడదని చెప్పే అంకె. జయంతీపురం, ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీల లారీలు తిరిగే దారుల్లో ఆ అంకెకు విలువ ఎక్కువ. అద్దం మీద పేరుకున్న దుమ్మును ఏ అంకే తుడవదు. నెలకోసారి మెత్తటి గుడ్డ పట్టాల్సిందే.

ఇల్లు దాటి పొలానికి వెళ్తే, మిర్చి కల్లాల దగ్గర కరెంటూ ఉండదు, వైఫై కూడా ఉండదు. అక్కడ సోలార్ పలకతో, 4జీ సిమ్‌తో నడిచే కెమెరా ఒక్కటే దారి. కల్లం రెండు నెలల పని కనుక ఇరుగుపొరుగు రైతులు నలుగురు కలిసి ఒకటి కొనుక్కోవడం తెలివైన పని.

కెమెరా ఇంటివారినే బజారున పెట్టే ప్రమాదమూ ఉంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చని లక్షల కెమెరాలను, డీవీఆర్‌లను లోబరచుకుని అమెరికాలో పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. 2025లో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు బయటికి పొక్కాయి. అక్కడా తేలిక పాస్‌వర్డే కారణమని వార్తలొచ్చాయి. బిగించిన కుర్రాడు పెట్టిన పాస్‌వర్డ్‌ను అతను గేటు దాటగానే మార్చేయడం మర్యాద తప్పడమేమీ కాదు. 2025 ఏప్రిల్ 9 నుంచి భద్రతా పరీక్షల్లో నెగ్గిన కెమెరాలనే దేశంలో అమ్మాలన్న నిబంధన అమల్లోకి వచ్చింది. సగం ధరకు ఇస్తామన్న పాత సరుకును అనుమానించడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. పడకగదిలో, స్నానాల గది దరిదాపుల్లో కెమెరా అసలు వద్దు.

పక్కింటి కిటికీ, వాళ్ల పెరటి నీళ్లతొట్టి కెమెరాలో పడితే తగువు ఖాయం. ఆ భాగాన్ని నల్లగా కప్పేసే సదుపాయం దాదాపు అన్ని కెమెరాల్లో ఉంది. అనుమతి లేకుండా ఒకరి శరీర గోప్యతకు భంగం కలిగించే చిత్రాలు తీస్తే ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఉమ్మడి ఇంట్లో తోటి వాటాదారు ఒప్పుకోకుండా నివాస భాగంలో కెమెరాలు పెట్టరాదన్న కలకత్తా హైకోర్టు తీర్పులో 2025లో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. అన్నదమ్ముల వాటాల మధ్య గోడకు కెమెరా తగిలించేవారు ఇది తెలుసుకోవాలి.

దొంగతనం జరిగాక ఫుటేజీ కోర్టులో నిలవాలంటే 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. డీవీఆర్ గడియారం తప్పు తేదీ చూపిస్తుంటే అది నిందితుడి వకీలుకు పండగ. కనుక నెలకోసారి తుడిచేటప్పుడే తేదీ, వేళ కూడా సరిచూడాలి.

కెమెరాలు ఎంతవరకు పనిచేస్తాయన్న దాని మీద నలభై ఏళ్ల అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి 2019లో వెలువడింది. బహిరంగ ప్రదేశాల్లో కెమెరాలున్న చోట నేరాలు సుమారు 13 శాతం తగ్గాయని, ఎక్కువ ఫలితం వాహనాలు నిలిపే చోట్ల కనిపించిందని అది తేల్చింది. తగ్గుదల ఉంది, కానీ తాళం మానేసేంత కాదు. పెనుగంచిప్రోలు తిరునాళ్లకో, పిల్లల దగ్గరికో ఊరెళ్లేవారికి రాష్ట్ర పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ పథకం ఉంది. యాప్‌లో నమోదై, ఊరెళ్లే తేదీలు చెబితే వాళ్లే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టి నిఘా ఉంచుతారు, రుసుము లేదు. స్టేషన్‌లో ముందుగా అడిగి చూసుకోవాలి.

రెండు వేలే ఉంటే ఆ డబ్బు పెరటి తలుపు గొళ్లేనికి, మంచి తాళానికి, గేటు బల్బుకు పెట్టాలి. ఐదు వేలుంటే వాటితో పాటు గుమ్మానికి ఒక వైఫై కెమెరా. పదిహేను వేలుంటే రాగి తీగతో డీవీఆర్, మూడు కెమెరాలు, ఇన్వర్టర్ లైను. నాలుగోది తర్వాత ఎప్పుడైనా తగిలించుకోవచ్చు. బిగించినవారికి చివరి వాయిదా పగటిపూట ఇవ్వకండి. చీకటి పడ్డాక ఇంట్లో మనిషిని గేటు దగ్గర నిలబెట్టి, ఫోన్‌లో ముఖం చూసుకున్నాకే ఇవ్వండి.